హనుమకొండలో యాక్సిడెంట్ కేసులు చూసే వకీలు సార్

నర్సంపేట రోడ్డులో మా తమ్ముడి బండిని ట్రాలీ ఆటో గుద్దింది, కాలు విరిగింది. పరిహారం కేసు ఈ సార్‌కే ఇచ్చాం.

సార్ వాళ్ల నాన్న లారీ డ్రైవర్. యాక్సిడెంట్‌లో ఆయన పోతే, ఇన్సూరెన్స్ వాళ్లు ఎంతిస్తే అంతకే వాళ్లమ్మ వేలిముద్ర వేసిందట. అది మనసులో పెట్టుకునే డిగ్రీ తర్వాత కాకతీయ యూనివర్సిటీలో మూడేళ్ల లా చదివారు. ఆ పట్టుదల పనిలో కనిపిస్తుంది. ఎఫ్ఐఆర్, డిశ్చార్జ్ సమ్మరీ, చివరికి నలిగిపోయిన మందుల బిల్లులు కూడా తేదీల వారీగా సర్దించారు. యాక్సిడెంట్ అయిన ఆరు నెలల్లోపే క్లెయిమ్ వేయాలని, ఈ గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి పెట్టారని ముందే చెప్పారు. వచ్చే డబ్బులో వాటా అడగలేదు, అది బార్ కౌన్సిల్ రూల్స్‌కు విరుద్ధమన్నారు.

ఫోన్ ఎత్తడమే కాస్త ఆలస్యం. సాయంత్రం ఆఫీసుకు వెళ్తే మాత్రం అమ్మను కూర్చోబెట్టి ఓపికగా విడమర్చి చెప్తారు.