మ్యాట్రిక్స్ రిసరెక్షన్స్: మాటలు మిగిలాయి, ఫైట్లు పోయాయి

1999లో వచ్చిన ‘ది మ్యాట్రిక్స్’ నుంచి ఒక్క ఫైట్ తీసేసినా కథ ఆగిపోతుంది. 2021 డిసెంబర్ 22న వచ్చిన నాలుగో భాగం ‘ది మ్యాట్రిక్స్ రిసరెక్షన్స్’ నుంచి ఫైట్లన్నీ తీసేసినా కథకు పెద్ద నష్టం లేదు. ఈ సినిమా నచ్చనివాళ్లు రకరకాల కారణాలు చెబుతారు. పాత నటులు లేరంటారు, సినిమా తన గురించి తానే మాట్లాడుకుంటుందంటారు, ప్రేమకథ ఎక్కువైందంటారు. వాటిలో కొన్ని నిజమే. కానీ సినిమాను దెబ్బతీసింది మాత్రం ఫైట్లు అడుగంటిపోవడమే. ఈ సిరీస్‌లో ఫైటంటే కథ మధ్యలో వచ్చే విరామం కాదు, కథ నడిచేదే అక్కడ.

మ్యాట్రిక్స్ అంటే మనుషుల్ని బందీలుగా ఉంచడానికి యంత్రాలు అల్లిన కంప్యూటర్ లోకం, ఏజెంట్లు దాని కావలి ప్రోగ్రాములు, నియోను అందులోంచి బయటికి తెచ్చిన గురువు మోర్ఫియస్. మొదటి సినిమాలో వరుస చూడండి. డోజోలో (శిక్షణ గదిలో) మోర్ఫియస్‌తో తలపడినప్పుడు నియోకు కుంగ్‌ఫూ అంతా వచ్చు, అయినా ఒక్క దెబ్బ వేయలేడు. ఇక్కడ కండబలంతో పని లేదని మోర్ఫియస్ చెప్పాకే అతని చెయ్యి వేగం అందుకుంటుంది. ఆ వెంటనే భవనం మీంచి భవనం మీదికి దూకమంటే కింద పడతాడు. నమ్మకం ఇంకా సగమే. మేడ మీద ఏజెంట్ కాల్చినప్పుడు వెనక్కి వంగి తూటాలు తప్పించుకుంటాడు, కానీ అన్నీ తప్పించుకోలేడు, ఒకటి రెండు ఒరుసుకుపోతాయి. సబ్‌వే స్టేషన్‌లో పారిపోయే దారి ఉండి కూడా వెనక్కి తిరిగి ఏజెంట్ స్మిత్ ముందు నిలబడతాడు. చివరికి హోటల్ వరండాలో తూటాలను గాల్లోనే ఆపేస్తాడు. నియో ఎంతవరకు నమ్మాడో మనకు తెలిసేది అతని ఒంట్లోంచి. ఈ మెట్లలో ఏ ఒక్కటి తీసేసినా తర్వాతి మెట్టు అందదు.

ఇది అనుకోకుండా కుదిరింది కాదు. హాంకాంగ్ ఫైట్ మాస్టర్ యువెన్ వూ-పింగ్ షూటింగ్‌కు ముందు నటులకు నాలుగు నెలలు శిక్షణ ఇచ్చాడు. నియో వేషం వేసిన కియాను రీవ్స్ అప్పటికి మెడ ఎముకల సర్జరీ నుంచి కోలుకుంటున్నాడు. వూ-పింగ్ ఒక్కొక్కరికి ఏది సాధ్యమో చూసుకుని దానికి తగ్గట్టు కదలికలు కూర్చాడు. నటులే స్వయంగా ఫైట్ చేస్తారు కాబట్టి కెమెరామన్ బిల్ పోప్ వెనక్కి జరిగి, తల నుంచి పాదం దాకా ఫ్రేమ్‌లో పెట్టగలిగాడు. దెబ్బ బయలుదేరడం, తగలడం, అవతలివాడు పడటం, మూడూ కంటికి కనిపిస్తాయి. ఎడిటర్ జాక్ స్టేన్‌బర్గ్ ఆస్కార్ గెలిచింది ఈ సినిమాకే. అతని కట్ కదలిక పూర్తయ్యాక పడుతుంది, లేదా అదే కదలికను ఇంకో కోణంలో కొనసాగిస్తుంది.

ఇప్పుడు రిసరెక్షన్స్‌కు రండి. టోక్యో బుల్లెట్ ట్రైన్‌లో ఫైట్ ఉంది. ఇరుకైన బోగీ, ఒక్కసారిగా మీదపడే ప్రయాణికులు, నిజానికి ఇది ఫైట్ మాస్టర్ పండగ చేసుకోవాల్సిన చోటు. తెర మీద మాత్రం భుజాలు, మోచేతులు, జుట్టు తప్ప ఏమీ నిలవదు. కెమెరా మనుషులకు మరీ దగ్గరగా ఉంది. దెబ్బ తగిలే క్షణానికి కట్ పడుతుంది, తర్వాతి షాట్‌లో మనిషి అప్పటికే పడిపోయి ఉంటాడు. పైగా షాట్ మారేసరికి ఎవరు ఎటువైపు ఉన్నారో గుర్తు తప్పుతుంది. అనుమానంగా ఉంటే చిన్న పరీక్ష చేయండి. మొదటి సినిమాలో సబ్‌వే ఫైట్‌ను సౌండ్ తీసేసి చూడండి, ఎవరు గెలుస్తున్నారో ప్రతి క్షణం తెలుస్తుంది. ట్రైన్ ఫైట్‌ను అలాగే చూడండి, తెలియదు.

పాడుబడ్డ భవనంలో స్మిత్‌తో జరిగే ఫైట్ ఇంకా బాధపెడుతుంది. నియో కాంక్రీట్ స్తంభాల్లోంచి దూసుకుపోతాడు, గోడలు పగులుతాయి, దుమ్ము రేగుతుంది. అంత జరిగినా ఫైట్ ముగిశాక నియో ఏం నేర్చుకున్నాడు, స్మిత్ ఏం కోల్పోయాడు అంటే జవాబు లేదు. మధ్యలో మెరోవింజియన్ వచ్చి పాత కాలం ఎంత గొప్పదో అరుస్తూ ఉంటాడు. రెండో భాగంలో అంత పొగరుగా, తీరుబడిగా మాట్లాడిన పాత్రను చింపిరి బట్టల్లో అరిపించడం తప్ప ఆ సీన్‌కు వేరే పనేమీ ఇవ్వలేదు.

అన్నిటికీ మించిన లోపం నియో అరచేతులు. సరస్సు మధ్య డోజోలో కొత్త మోర్ఫియస్‌తో తలపడినప్పుడు అతని చేతుల్లోంచి ఒక శక్తి వెలువడి ఎదుటివాణ్ని ఎగరగొడుతుంది. అక్కడ బాగానే ఉంది. ఆ తర్వాత సినిమా పొడుగునా అదే. తూటాలొస్తే చేతులు చాచడం, మనుషులొస్తే చేతులు చాచడం, హెలికాప్టర్ మిసైల్ వదిలినా చేతులు చాచడం. ఈ శక్తికి హద్దెక్కడో చెప్పలేదు. వాడినందుకు నియో ఏం కోల్పోతాడో చెప్పలేదు. ఎంత దూరం పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో కూడా తెలియదు. హద్దు తెలియని శక్తితో ఉత్కంఠ పుట్టదు. ప్రమాదం ఎంత పెద్దదైనా ఇంకోసారి చెయ్యి చాస్తే సరిపోతుందని ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది.

వయసు వల్ల తప్పలేదనే వాదన నిలబడదు. రిసరెక్షన్స్‌కు రెండేళ్ల ముందే, 2019లో, ఇదే కియాను ‘జాన్ విక్’ మూడో భాగంలో పొడవాటి షాట్లలో, నిండు ఫ్రేముల్లో ఫైట్లు చేశాడు. ఆ సిరీస్ దర్శకుడు చాడ్ స్టహెల్స్కీ మొదటి మ్యాట్రిక్స్‌లో కియానుకు స్టంట్ డూప్. ఆ చాడ్ రిసరెక్షన్స్‌లోనూ ఉన్నాడు, నియో ప్రేమించిన ట్రినిటీకి కొత్త మ్యాట్రిక్స్‌లో ఉన్న భర్త వేషంలో. అంత పనిమంతుడు సెట్ మీదే ఉన్నా, సినిమాలో గుర్తుండే ఫైట్ ఒక్కటీ లేకపోవడం అభిమానులకు మింగుడుపడని విషయం. నటుడి వయసును కదలికల్లోకే తీసుకోవచ్చు. కీళ్లు బిగుసుకున్న, నమ్మకం పోయిన, మందులతో మొద్దుబారిన మనిషి తన ఒంటిని మళ్లీ వెతుక్కోవడం అనేది గొప్ప ఫైట్‌కు సరిపోయే సరుకు. 1999 సినిమాలోనే, సర్జరీ అయిన నటుడి చుట్టూ ఫైట్లు కూర్చిన సిరీస్ ఇది, ఆ దారి దీనికి కొత్త కాదు.

నియమాలు సడలించడం కూడా ఇలాంటి తప్పే. పాత సినిమాల్లో మ్యాట్రిక్స్ నుంచి బయటపడాలంటే మోగుతున్న ల్యాండ్‌లైన్ ఫోన్ దాకా చేరాలి. చేరేలోపు ఏజెంట్ వస్తే ప్రాణం పోతుంది. మొదటి సినిమా చివర్లో నియో అపార్ట్‌మెంట్ల గుండా, సందుల గుండా పరిగెత్తి 303 నంబర్ గది తలుపు తీసే క్షణం అంతగా గుండె ఆపిందంటే కారణం ఆ ఫోనే. ఇప్పుడు తలుపులు, అద్దాలే దారులు. ట్రైన్ బాత్రూంలో ఉన్న చిన్న అద్దంలోంచి కూడా దాటిపోవచ్చు. చూడటానికి అందంగానే ఉంది. కానీ గమ్యం ఎంత దూరంలో ఉందో తెలియని పరుగులో ఊపిరి బిగబట్టే పని ఉండదు. ఏజెంట్ల స్థానాన్ని దాదాపుగా ఆక్రమించిన బాట్ల (మనుషుల రూపంలో ఉండే ప్రోగ్రాముల) గుంపు కూడా అంతే. ఒక్క ఏజెంట్ కనిపిస్తే పారిపోవడమే దారి అనే భయం ముందు, ఒక్కొక్కటిగా ఏ ప్రమాదమూ లేని వందమంది గుంపు తేలిపోతుంది. క్లైమాక్స్‌లో బైక్ మీద వెళ్తుంటే కిటికీల్లోంచి మనుషులు బాంబుల్లా దూకే ఆలోచన ఒక్కటి మాత్రం నిజంగా ఒళ్లు గగుర్పొడిపిస్తుంది.

రంగుల మాటకొస్తే, మొదటి మూడు భాగాల్లో మ్యాట్రిక్స్ లోపల ఆకుపచ్చ, బయట నీలం. ఏ లోకంలో ఉన్నామో కన్ను ముందే పసిగడుతుంది. కొత్త సినిమాను జాన్ టోల్, డానియెలే మసాచెసీ సూర్యకాంతితో, బంగారు రంగుతో నింపారు. కొత్త మ్యాట్రిక్స్ మనుషులు వదలబుద్ధి కానంత అందంగా ఉండాలనే ఆలోచన దీని వెనక ఉంది, ఆ ఆలోచన సరైనదే. కాకపోతే ఆ వెలుగులో బెదురు లేదు. ఇంత హాయిగా ఉన్న చోటును జైలుగా చూపించాలంటే ఆ హాయిలోనే ఏదో తేడా కొట్టాలి, అది ఒకటి రెండు సీన్లలో తప్ప దొరకదు. ఇక సంభాషణ మధ్యలో పాత సినిమాల ముక్కలు పదేపదే అతికించడం సినిమా తనకు తాను చేసుకున్న హాని. కొత్త ఫైట్ పక్కన పాత ఫైట్ ముక్క పెడితే ప్రేక్షకుడు పోల్చకుండా ఎలా ఉంటాడు?

ఇంత చెప్పాక, ఇందులో ఉన్న మంచిని దాచడం అన్యాయం. మొదటి నలభై నిమిషాలు సిరీస్ స్థాయికి తగ్గవు. థామస్ ఆండర్సన్ (నియో అసలు పేరు) ఇప్పుడు గేమ్ డిజైనర్, పాత మూడు భాగాలూ అతను తయారుచేసిన గేములు, మీరున్నా లేకపోయినా మాతృసంస్థ వార్నర్ బ్రదర్స్ నాలుగోది తీయిస్తుందని భాగస్వామి వచ్చి చెబుతాడు. ఇంత పెద్ద స్టూడియో డబ్బుతో ఆ మాట తెర మీద చెప్పించడానికి ధైర్యం కావాలి. కొత్త మ్యాట్రిక్స్‌ను నడిపే అనలిస్ట్‌గా నీల్ ప్యాట్రిక్ హ్యారిస్ వేసిన పాత్ర కూడా గట్టిది. నియో, ట్రినిటీలను దగ్గరగా ఉంచాలి కానీ కలవనివ్వకూడదు, ఆ తపనలోంచే యంత్రాలకు ఎక్కువ శక్తి పుడుతుంది అనే సిద్ధాంతం ఈ సిరీస్‌లో వచ్చిన మంచి ఆలోచనల్లో ఒకటి. ట్రినిటీ గ్యారేజీలో అతను కాలాన్ని సాగదీసే సీన్ చూడండి. తూటా నెమ్మదిగా ట్రినిటీ వైపు కదులుతుంటుంది, నియో బెల్లం పాకంలో చిక్కుకున్నట్టు కదల్లేకపోతుంటాడు, అనలిస్ట్ మాత్రం మామూలుగా తిరుగుతూ మాట్లాడుతుంటాడు. 1999లో దాదాపు 120 స్టిల్ కెమెరాలను వంపుగా నిలబెట్టి, ఒకదాని తర్వాత ఒకటి క్లిక్ అయ్యేలా చేసి తీసిన బుల్లెట్ టైమ్ (తూటా కదలిక కనిపించేంత నెమ్మదైన షాట్) నియోకు స్వేచ్ఛ ఇచ్చింది. అదే బుల్లెట్ టైమ్ ఇక్కడ అతనికి సంకెళ్లయింది. సినిమా అంతా ఈ స్థాయిలో ఆలోచించి ఉంటే ఈ సమీక్ష వేరేలా ఉండేది.

కియాను, ట్రినిటీగా వేసిన క్యారీ-ఆన్ మాస్ కాఫీ బల్ల దగ్గర కూర్చున్న సీన్లలో మాటలకంటే చూపులే ఎక్కువ పనిచేస్తాయి. చివర్లో ఇద్దరూ కలిసి దూకడం నిజంగా శాన్ ఫ్రాన్సిస్కోలో 43 అంతస్తుల భవనం మీంచి కేబుళ్లతో తీసినది. ఆ గాలి, ఆ తెల్లవారుజాము వెలుగు, వాళ్ల ముఖాల్లోని బెరుకు గ్రాఫిక్స్‌తో రావు. మనుషులు ఒళ్లు వంచి చేసిన పని తెర మీద ఎలా వేరుగా కనిపిస్తుందో చెప్పడానికి ఈ సినిమాలోనే ఉన్న సాక్ష్యం అది.

ఆ దూకే సీన్ దాకా చేరడమే కష్టం. ట్రినిటీని విడిపించే పథకాన్ని సతి (ప్రియాంకా చోప్రా) నోటితో వివరిస్తుంది, వివరిస్తూనే ఉంటుంది. ఏ శరీరం ఎక్కడుంది, ఎవరిని ఎక్కడ మార్చాలి అనేది ఒక్కసారి వింటే పట్టుబడదు. మొదటి సినిమా ఏజెంట్లు ఎవరిలోకైనా వస్తారని చెప్పడానికి వీధిలో ఎర్ర గౌను అమ్మాయిని చూపించి, మళ్లీ చూసేసరికి ఆమె చోట తుపాకీ పట్టుకున్న ఏజెంట్‌ను నిలబెట్టింది. పాఠం అక్కడితో అయిపోయింది. ఈ తేడాకు స్క్రిప్టే బాధ్యత వహించాలి. దర్శకురాలు లానా వచౌస్కీ ఈసారి సోదరి లిల్లీ లేకుండా, డేవిడ్ మిచెల్, అలెగ్జాండర్ హెమాన్‌లతో కలిసి రాసింది. ఇద్దరూ నవలాకారులు. సంభాషణల్లో ఆ చెయ్యి మెరుస్తుంది, పథకం నడపాల్సిన చోట తడబడుతుంది.

పాత మోర్ఫియస్ లారెన్స్ ఫిష్‌బర్న్, పాత స్మిత్ హ్యూగో వీవింగ్ లేని లోటు తెలుస్తూనే ఉంటుంది. వాళ్ల స్థానంలో వచ్చిన యాహ్యా అబ్దుల్-మతీన్, జోనథన్ గ్రోఫ్ ఇద్దరూ మంచి నటులు, వాళ్ల తప్పేమీ లేదు. స్మిత్‌కు మాత్రం ఒక లక్ష్యం రాయలేదు. కథకు అవసరమైనప్పుడు వస్తాడు, అవసరం తీరగానే వెళ్లిపోతాడు.

వసూళ్లు చూస్తే, దాదాపు 19 కోట్ల డాలర్లతో తీసిన సినిమా ప్రపంచమంతా కలిపి 16 కోట్ల డాలర్ల దాకానే తెచ్చింది. కొవిడ్ కాలం, అమెరికాలో అదే రోజు స్ట్రీమింగ్ సర్వీస్ హెచ్‌బీఓ మ్యాక్స్‌లో విడుదల కూడా కారణాలే కాబట్టి ఈ అంకె ఒక్కటే చూసి సినిమాను తూచకూడదు. ఐదో భాగాన్ని డ్రూ గొడార్డ్ రాసి దర్శకత్వం వహిస్తాడని 2024లో ప్రకటించారు. ఆ సినిమాకు ఫైట్ మాస్టర్ ఎవరు, శిక్షణకు ఎన్ని నెలలు ఇచ్చారు అనేవి నటుల పేర్లకంటే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు.

చూడాలనుకుంటే ముందు మొదటి మూడూ వరుసగా చూడండి, ముఖ్యంగా మూడోది. నియో, ట్రినిటీ ఎలా చనిపోయారో, యంత్రాలతో సంధి ఎలా కుదిరిందో గుర్తు లేకపోతే మనుషుల నగరాన్ని నడిపే ముసలి నయోబీ నియో మీద ఎందుకంత కోపంగా ఉంటుందో అర్థం కాదు. సినిమా 148 నిమిషాలు. మొదటి నలభై నిమిషాలు, గ్యారేజీ సీన్, చివర్లో దూకే సీన్, ఈ మూడూ చూస్తే ఇందులో నిలిచేదంతా చూసినట్టే. క్రెడిట్స్ తర్వాత ఇంకో సీన్ ఉంది, గేమ్ ఆఫీసు వాళ్లు పిల్లి వీడియోల గురించి మాట్లాడుకునేది. కథకు దానితో సంబంధం లేదు, దాని కోసం కూర్చోనక్కర్లేదు.