మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు: నేను కొన్న గిటార్ యాంపుల్లో ఏది మేలు?

ఏ గిటార్ యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే యాంప్లిఫయర్ పెట్టె) మంచిదని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది "మీది ఎన్నో అంతస్తు? లిఫ్ట్ ఉందా?" అని. వాళ్ళు నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. 22 కిలోల యాంప్‌ని మెట్ల మీదుగా మూడు అంతస్తులు మోసిన నడుము నాది.

బెంగళూరు మురుగేశ్‌పాళ్యలో ఒకే ఇంట్లో పదేళ్ళకు పైగా అద్దెకుంటున్నాం. ఈ ఇంట్లోకి ఇప్పటికి ఆరు యాంపులు వచ్చాయి, నాలుగు వెళ్ళిపోయాయి. వచ్చిన వరుసలో చెప్తే ఫెండర్ ఫ్రంట్‌మన్ 10జీ, రోలండ్ మైక్రో క్యూబ్, వాక్స్ ఏసీ15, ఫెండర్ బ్లూస్ జూనియర్, బాస్ కటానా 50, యమహా టీహెచ్ఆర్10. ఇప్పుడు ఉన్నవి బ్లూస్ జూనియర్, టీహెచ్ఆర్. ఉన్నవాటి మీద మమకారంతో మార్కులేశానని అనుకోకండి. వెళ్ళిపోయిన వాటిలో ఒకదాని కోసం ఇప్పటికీ మనసు పీకుతుంది.

నా వరుస ముందే చెప్పేస్తాను, తిట్టదలచుకున్నవాళ్ళు ఇక్కడే తిట్టేసి ముందుకు రావచ్చు. మొదటిది టీహెచ్ఆర్10. రెండోది బ్లూస్ జూనియర్. మూడు కటానా. నాలుగు ఏసీ15. చివర్లో చిన్నవి రెండూ, మైక్రో క్యూబ్, ఫ్రంట్‌మన్. ఒక్క చెవికే ఓటు ఇచ్చి ఉంటే ఏసీ15 మొదటిది, అందులో రెండో మాట లేదు. నేను లెక్కేసింది వేరు: వారంలో ఎన్ని గంటలు గిటార్ కేబుల్ దానికి తగిలించి ఉంది అని.

ఏసీ15 దగ్గరే మొదలుపెడతాను, ఎక్కువ చెప్పాల్సింది దాని గురించే. 1950ల చివర్లో ఇంగ్లాండులోని డార్ట్‌ఫర్డ్‌లో టామ్ జెన్నింగ్స్ కంపెనీ కోసం డిక్ డెన్నీ అనే ఇంజనీరు తయారుచేసిన డిజైన్ అది. దాన్నే రెట్టింపు చేస్తే ఏసీ30 అయింది. ఔట్‌పుట్‌లో రెండు ఈఎల్84 వాల్వులు (ట్రాన్సిస్టర్ల కంటే ముందటి గాజు గొట్టాలు, ట్యూబులన్నా ఇవే), 15 వాట్లు. నా దగ్గర ఉన్నది ఈ కాలపు మోడల్, సెలెషన్ గ్రీన్‌బ్యాక్ 12 అంగుళాల స్పీకరుతో. టాప్ బూస్ట్ అనే ఛానల్‌లో వాల్యూమ్ సగం దాటించి, స్ట్రాట్ (ఫెండర్ వాళ్ళ గిటార్) నెక్ పికప్‌తో ఒక్క తీగ మీటితే కంచు గిన్నె అంచు మీద గోటితో కొట్టినట్టు ముందు చిన్న 'టంగ్', దాని వెనకే తేనె. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే అంచులో చిన్న గరుకు. టోన్ మార్చే పెడల్ అక్కర్లేదు, వేళ్ళే పెడల్. ఆ స్పందన నాకు మరే యాంప్‌లోనూ దొరకలేదు.

ఈఎల్84 మనకేమీ కొత్తది కాదు. వాల్వు రేడియోల రోజుల్లో స్పీకరుని మోగించే వాల్వుగా పేరున్నదే. స్విచ్ వేశాక అరనిమిషం ఆగితే గానీ పాట రాని రేడియో మా తాతగారింట్లో ఉండేది. ఏసీ15 ఆన్ చేసి కూర్చున్నప్పుడల్లా ఆ వేడెక్కిన దుమ్ము వాసనే. ఇంకో చిత్రం, మా ఇంటికి 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న జాలహళ్ళిలో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్ళు 1961 నుంచే రేడియో వాల్వులు తయారుచేశారు. ఇప్పుడు అదే ఊళ్ళో కూర్చుని, వాల్వు పోతే స్లొవేకియా నుంచో రష్యా నుంచో చైనా నుంచో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాలి. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా ఎగుమతులు ఆగి, ప్రపంచమంతా వాల్వుల రేట్లు ఎగబాకాయి. ట్యూబ్ యాంప్ కొనేవాళ్ళు ఈ ఖర్చు ముందే మనసులో పెట్టుకోవాలి. బల్బు మార్చినట్టే మార్చేయొచ్చు అనుకుని వెనక మూత విప్పేవాళ్ళకు ఒక మాట: సాకెట్‌లో వాల్వు తీసి పెట్టడం సరే, చాసీ (సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) లోపలికి మాత్రం చెయ్యి పోనివ్వకండి. ప్లగ్గు పీకేసినా లోపల కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

మరి ఇంత మంచిది నాలుగో స్థానంలో ఎందుకు? ఎందుకంటే ఆ తేనె కారాలంటే ఔట్‌పుట్ వాల్వులకు పని పెట్టాలి, అంటే వాల్యూమ్ పెంచాలి. ఆ గ్రీన్‌బ్యాక్ స్పీకరు ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 98 డెసిబెల్స్ ఇస్తుంది. మన శబ్ద నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45. లెక్క మీకే అర్థమవుతుంది. మాస్టర్ (మొత్తం శబ్దాన్ని అదుపుచేసే నాబ్) తగ్గించి వాయిస్తే యాంప్ పనిచేస్తుంది, కానీ అప్పుడది పట్టుచీర కట్టి వంటింట్లో నిలబెట్టినట్టే. మా ఓనరమ్మగారు కోలారు వైపు వాళ్ళు, తెలుగు బాగా మాట్లాడతారు. ఒక రాత్రి తొమ్మిదిన్నరకు నేను ప్రాణం పెట్టి వాయించిన సోలో అయ్యాక మెట్ల దగ్గర ఎదురై, "ఏమప్పా, ఇంత పొద్దుపోయినాక గ్రైండరు వేస్తారా మీరు?" అని అడిగారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు.

వాట్లు తగ్గితే శబ్దం తగ్గుతుందిగా, 30కి బదులు 15 కొన్నాంగా అని నేనూ అనుకున్నవాణ్ణే. చెవి అలా లెక్కపెట్టదు. వాట్లు సగమైతే తగ్గేది 3 డెసిబెల్సే, గమనిస్తే తప్ప తెలీదు. శబ్దం సగమైనట్టు చెవికి తోచాలంటే వాట్లు పదో వంతుకు దిగాలి. 15 వాట్ల ట్యూబ్ యాంప్ 'చిన్నది' అని షాపులో ఎవరైనా చెప్తే, డ్రమ్ములు పక్కన ఉంటే చిన్నది, పడగ్గది పక్కన ఉంటే కాదు అని గుర్తుపెట్టుకోండి.

రెండేళ్ళ తర్వాత దాన్ని ఒక బ్యాండ్ కుర్రాడికి అమ్మేశాను. వాళ్ళింటికి లిఫ్ట్ ఉంది. ముందే అడిగాను.

బ్లూస్ జూనియర్ మా బావ డల్లాస్ నుంచి తెచ్చాడు. 14 కిలోల యాంప్, 23 కిలోల సూట్‌కేసు లెక్కలో పడింది. వాల్వులు ఊడదీసి, మేజోళ్ళలో చుట్టి, చేతి సంచిలో పెట్టుకొచ్చాడు. ఇక్కడిదాకా తెలివి అంతా బావది. ఆ తర్వాతి తెలివితక్కువ నాది. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. ఫోను ఛార్జరు అలవాటులో పిన్ మార్చే అడాప్టరు తగిలించి స్విచ్ వేసేశాను. 'ఢప్' అంది. అదృష్టం, పోయింది ఫ్యూజ్ ఒక్కటే. మర్నాడే ఎలక్ట్రికల్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్ళి 300 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాను. 15 వాట్ల యాంప్‌కి అంత పెద్దదెందుకు అంటారేమో, 15 అనేది స్పీకరుకి వెళ్ళేది మాత్రమే, వాల్వుల్ని వేడెక్కించి నడపడానికి గోడలోంచి లాగేది దానికి కొన్ని రెట్లుంటుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ బరువు, సన్నగా అది చేసే గుంయ్‌మనే చప్పుడు రెండూ కలుపుకుంటే, విదేశం నుంచి యాంప్ తెప్పించుకోవడం చవక అనే మాటలో సగమే నిజం. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ షాపులో ఇలాంటి తలనొప్పే వచ్చింది. అమెరికా ఫెండర్లు దిగుమతయ్యేసరికి రేటు మండిపోతుండటంతో, ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ని చూసి అక్కడ దొరికే భాగాలతో సొంతంగా ఒకటి చేసుకున్నారు. మొదటి మార్షల్, జేటీఎం45, అలా పుట్టిందే. నాకంత చేతకాలేదు, ఎస్పీ రోడ్డు చాలనుకున్నాను.

విచిత్రమేమిటంటే బ్లూస్ జూనియర్‌లో కూడా ఉన్నది ఆ రెండు ఈఎల్84లే, వాట్లూ అవే. ఫెండర్ పేరు వినగానే గుర్తొచ్చే 6వీ6, 6ఎల్6 వాల్వులు ఇందులో ఉండవు. అయినా రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఒకే వాల్వుల సంగతి అని ఎవరూ చెప్పలేరు. వాక్స్ పైస్థాయిలో మెరుస్తుంది, ఇది మధ్యలో మాట్లాడుతుంది. ఫ్యాట్ స్విచ్ నొక్కితే గొంతు కాస్త బొంగురుపోయి, పాత సినిమా పాటల గమకాలకి, స్లైడ్‌కి చక్కగా ఒదుగుతుంది. రివర్బ్ (ప్రతిధ్వని) నిజమైన స్ప్రింగులది. యాంప్‌కి మోకాలు తగిలితే లోపల ఉరుము ఉరుముతుంది, మా అబ్బాయికి అందులో ఆ ఒక్కటే ఇష్టం. పెట్టె చిన్నది కాబట్టి డబ్బాలోంచి పలికినట్టు ఉంటుందనే వాదన ఉంది. నిజమే, గోడకి కొంచెం దూరంగా, కుర్చీ మీద పెడితే చాలావరకు తగ్గుతుంది. ఛానల్ ఒక్కటే, ట్రెమొలో (శబ్దం అలలా ఊగే ఎఫెక్టు) లేదు, హెడ్‌ఫోన్స్ తగిలించే దారి లేదు. ఐనా ఏసీ15 కంటే పైన ఎందుకు పెట్టానంటే, మాస్టర్ తగ్గించినప్పుడు దీని మొహం ఏసీ15 అంతగా మాడిపోదు. పైగా ఎనిమిది కిలోల తేడా. మెట్ల మీద ఆ ఎనిమిది కిలోలు ఎనభై.

కటానా గురించి చెడ్డ మాట చెప్పడం కష్టం, ఇబ్బంది అక్కడే. లాక్‌డౌన్‌లో కొన్నాను. ట్రాన్సిస్టర్ యాంప్, 50 వాట్లు, పవర్ నాబ్ వెనక్కి తిప్పితే 25, ఇంకా తిప్పితే 0.5. ఆ అర వాట్ కోసమే కొన్నాను, 50తో పోలిస్తే చెవికి నాలుగో వంతు శబ్దం. క్లీన్ నుంచి మెటల్ దాకా అన్నీ ఉన్నాయి, ఎఫెక్టులు లోపలే. మా అపార్టుమెంట్ స్నేహితుల ఉగాది కార్యక్రమంలో ఒక్క పెడల్ లేకుండా రెండు గంటలు నెట్టుకొచ్చింది. మోయడానికి 12 కిలోల లోపే. ఒక్కటే కొనగలిగేవాళ్ళు, ఏ రకం సంగీతం వాయిస్తారో ఇంకా తేల్చుకోనివాళ్ళు కళ్ళు మూసుకుని కొనొచ్చు. నా బాధ వేరు. కంప్యూటర్‌కి తగిలించి టోన్లు సవరించుకోవచ్చు కదా, కూర్చుని సవరిస్తూనే ఉన్నాను. ఏడాదయ్యేసరికి దాచుకున్న సెట్టింగులు 40 దాటాయి, మొదటి నుంచి చివరిదాకా వాయించగలిగే పాటలు నాలుగు. తప్పు యాంప్‌ది కాదని తెలుసు. ఐనా మార్కులు వేసేది నేను కదా.

ఇక టీహెచ్ఆర్10. 2011లో వచ్చిన మోడల్, నేను కొన్నది సెకండ్ హ్యాండ్‌లో. చూడటానికి పాత రేడియోలా, బ్రెడ్ కాల్చే డబ్బాలా ఉంటుంది. మూడంగుళాల స్పీకర్లు రెండు, 10 వాట్లు, మూడు కిలోలు కూడా లేదు. ఆన్ చేస్తే జాలీ వెనకాల నారింజ రంగు వెలుగు, లోపల వాల్వులు మండుతున్నట్టు. లోపల వాల్వుల్లేవు, అది ఉత్త లైటు. మొదటిరోజు ఆ దొంగవేషం చూసి ఒళ్ళు మండింది. తర్వాత వాయించాను.

దీని గొప్పంతా ఒక్క విషయంలో ఉంది. మిగతా యాంపులు స్టేజీ కోసం పుట్టి ఇంట్లో గొంతు తగ్గించుకుంటాయి, ఇది ఇంటి గొంతుతోనే పుట్టింది. పక్కగదిలో పిల్లాడు నిద్రపోతున్నప్పుడు, మనం మామూలుగా మాట్లాడుకునే శబ్దంలో, క్రంచ్ (కాస్త గరుకు టోన్) మీద పెట్టి మీటితే నిండుగా వినిపిస్తుంది. స్టీరియో కాబట్టి రివర్బ్ గదంతా పరుచుకుంటుంది. యూఎస్‌బీతో పాట పెట్టుకుని దాంతోపాటు వాయిస్తే గిటార్, పాట ఒకే చోటి నుంచి వస్తాయి. ఎనిమిది పెన్సిల్ సెల్స్ వేస్తే కరెంటు అక్కర్లేదు. ఏప్రిల్, మే మామిడి జల్లులకు కరెంటు పోయే సాయంత్రాలు నాకిప్పుడు పండగ. చీకట్లో ఆ నారింజ వెలుగు ఒక్కటే, దాన్ని దొంగవేషం అనడం మానేశాను.

లోపాలు లేవా? డ్రమ్మర్ పక్కన దీన్ని పెడితే వినపడదు. బేస్ (కింది స్థాయి శబ్దం) కొంత కనికట్టు, వాల్యూమ్ పెంచేకొద్దీ ఆ కనికట్టు బయటపడుతుంది. ఏసీ15లో వేళ్ళకి దొరికే జవాబు దీంట్లో ముప్పావు దొరుకుతుంది. కానీ ఏసీ15 ఉన్నప్పుడు వారానికి ఒక గంట వాయించేవాణ్ణి, ఇప్పుడు రోజూ ముప్పావుగంట.

చిన్నవి రెండూ రెండు మాటల్లో. మైక్రో క్యూబ్ ఆరు సెల్స్ మీద నడిచే ముద్దులమూట, రెండు వాట్లు, అయిదంగుళాల స్పీకరు. టీహెచ్ఆర్ రాకపోయి ఉంటే మొదటి మూడింట్లో ఉండేది. ఒంగోలులో మేనల్లుడికి ఇచ్చేశాను. ఫ్రంట్‌మన్‌తో నేర్చుకున్నాను, అంతకంటే చెప్పడానికేం లేదు.

మార్షల్ ఎందుకు లేదని అడుగుతారు. కొనలేదు, అంతే. నెలకోసారి మేం వెళ్ళే జామ్‌ప్యాడ్‌లో (బ్యాండ్లు సాధన చేసే గది) ఒక మార్షల్, ఒక రోలండ్ జేసీ-120 ఉంటాయి. జేసీ-120 గురించి విడిగా రాయాలి. 1975 నాటి డిజైన్, వాల్వు ఒక్కటీ లేకుండా క్లీన్ టోన్‌కి అదే కొలబద్ద. 28 కిలోలు. అది జామ్‌ప్యాడ్‌లో ఉండటమే అందరికీ క్షేమం.

బ్యాండ్‌తో వారం వారం వాయిస్తూ, ఇండిపెండెంట్ ఇల్లో లిఫ్టో ఉన్నవాళ్ళు నా వరుసని తలకిందులు చేసి ఏసీ15 కొనుక్కోండి, నాకు కుళ్ళు తప్ప అభ్యంతరం లేదు. మా ఇంట్లో మాత్రం రాత్రులు టీహెచ్ఆర్‌వి, శనివారం సాయంత్రం ఓనరమ్మగారు గుడికెళ్ళే గంటన్నర బ్లూస్ జూనియర్‌ది. ఈమధ్య ఆవిడకి మోకాళ్ళ నొప్పులట, రెండు వారాలుగా గుడికి వెళ్ళట్లేదు.