సీట్లు సూపర్, ల్యాండింగే బురదలో: చార్టర్ ఫ్లైట్ రివ్యూ

రెండు స్టార్లు. ఒకటి కో పైలట్‌కి, ఇంకోటి సీటు బెల్టుకి.

ఎంక్వైరీ నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయట్లేదు. చార్టర్ అంటే విమానం మొత్తాన్నీ అద్దెకి తీసుకోవడం. బుకింగ్ వరకు వంక పెట్టడానికేం లేదు, ఎనిమిది సీట్ల టర్బోప్రాప్ (ప్రొపెల్లర్‌తో నడిచే విమానం), లెదర్ సీట్లు, క్యూలు లేవు, లగేజీ కూడా వాళ్లే మోశారు. యాడ్‌లో ఒకటే మాట, మీరు చెప్పిన టైముకి, మీరు చెప్పిన చోటికి. అసలు గొడవంతా ఆ మాటలోనే ఉందని అప్పుడు తట్టలేదు.

ఎక్కేముందే కెప్టెన్ చెప్పాడు, అక్కడ వాన గట్టిగా ఉందండీ, కుదరకపోతే వేరే ఎయిర్‌పోర్ట్‌లో దిగాల్సి రావచ్చు అని. మాలో ఒకాయన వెంటనే, అదేం కుదరదు బాబూ ఇంత డబ్బు కట్టింది ఎందుకు, ఎలాగోలా దించెయ్ అన్నాడు, అందరం నవ్వాం, నేనూ నవ్వాను.

మొదటిసారి కిందదాకా వచ్చి రన్‌వే కనపడక మళ్లీ పైకి లేపేశాడు. గో అరౌండ్ అంటారు, పేగులు నోట్లోకొచ్చినట్టుంటుంది గానీ చెయ్యాల్సింది అదే. ఇలాంటి రోజుల్లో ఇంకో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి అక్కడ మరో 30 నిమిషాలు తిరిగేంత ఫ్యూయల్ ఉండాలని రూలు, అంటే హాయిగా వెళ్లిపోవచ్చు, వెళ్లలేదు. రెండోసారి వెనక నుంచి గాలి తోస్తుంటే రన్‌వే సగం దాటాక చక్రాలు తగిలాయి, బ్రేక్ వేసినా ఆగదే, టైరుకీ రన్‌వేకీ మధ్య నీటి పొర చేరితే బండి జారుతూనే ఉంటుంది, హైడ్రోప్లేనింగ్ అంట, అలా చివర దాటి బురదలో పడి ముందు చక్రం విరిగి ముక్కు నేలకి కొట్టుకుంది. ఒకరికి భుజం ఎముక విరిగింది, మిగతావాళ్లకి దెబ్బలు.

చిన్న ప్లేన్ కదా, కేబిన్ క్రూ ఉండరు. బ్యాగులొదిలేయండీ అని అరుస్తూ కో పైలటే డోర్ తీశాడు. ఆ డోర్ ఎలా తియ్యాలో బయల్దేరేముందు చూపించాడు కూడా, మేము ఫోన్లు చూసుకుంటున్నాం.

తర్వాత కంపెనీ నుంచి మెయిల్, వాతావరణం బాగోక జరిగిందట, ఈసారి బుక్ చేస్తే డిస్కౌంట్ అట! వాన పడుతోందని మాకూ తెలుసు సార్, దిగాలని ఎందుకనుకున్నారో చెప్పండి.

2001 మార్చి 29న అమెరికాలో ఆస్పెన్ దగ్గర ఒక చార్టర్ జెట్ రాత్రిపూట మంచులో దిగబోయి కూలి 18 మందీ పోయారు. పైలట్ల తప్పుతో పాటు, దిగమని కస్టమర్ పెట్టిన ఒత్తిడి కూడా ఒక కారణమని దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ (అక్కడి ప్రభుత్వ ప్రమాద దర్యాప్తు సంస్థ) రాసింది. అది చదివాక మా నవ్వు గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మీరు బుక్ చేస్తే సీట్ల ఫొటోలు తర్వాత చూడండి, డైవర్ట్ అయితే, అంటే వేరే ఎయిర్‌పోర్ట్‌లో దిగాల్సి వస్తే, ఖర్చు ఎవరిదో ముందు అడగండి. మా అగ్రిమెంట్‌లో నాలుగో పేజీలో చిన్నక్షరాల్లో ఉంది, అంతా కస్టమర్‌దే అని. అందుకే కదా మావాడు అంత గట్టిగా దించెయ్ అన్నది. ఆ లైను తీసెయ్యమని మెయిల్ పెట్టాను, ఇంకా రిప్లై లేదు.