పెట్టె మీద పది వాట్లు: బుల్లి గాలిమర కిట్ మీద నా మాట

స్నేహితుల మధ్య సరదా పోటీ. షరతులు రెండే. రెక్కల చక్రం అడ్డుకొలత 40 సెంటీమీటర్లు దాటకూడదు. ఫ్యాను ముందు పెట్టి, 10 ఓమ్‌ల రెసిస్టర్ మీద ఎవరిది ఎక్కువ వాట్లు చూపిస్తే వాళ్లదే గెలుపు. కొన్న భాగాలు వాడుకోవచ్చన్నారు కాబట్టి ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించాను. మూడు ప్లాస్టిక్ రెక్కలు, వాటిని బిగించే నడిమి బిళ్ల (హబ్), చిన్న డీసీ మోటారు, తోక, మూడు కాళ్ల స్టాండు, ఒక ఎల్‌ఈడీ. పెట్టె మీద లావాటి అక్షరాలతో ‘10 వాట్లు, 12 వోల్టులు’ అని ఉంది.

ముందు ఆ పది వాట్ల సంగతి తేల్చాలి. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మా ఫ్యాను ముందు గాలి సెకనుకు సుమారు 4 మీటర్లు. ఆ వేగంతో 40 సెంటీమీటర్ల చక్రం గుండా పోయే గాలి మొత్తంలో ఉన్నదే 4.9 వాట్లు. అందులోనూ ఎంత గొప్ప టర్బైనైనా 59.3 శాతానికి మించి తీయలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే లెక్కగట్టాడు. అంటే 2.9 వాట్లు. ఇంట్లో బిగించినది అందులో సగం ఇచ్చినా చప్పట్లు కొట్టాల్సిందే. అదే గాలి 8 మీటర్ల వేగంతో వీస్తే 39 వాట్లుంటాయి కాబట్టి పెట్టె మీది అంకె పచ్చి అబద్ధమని అనను. కానీ ఎంత గాలికో చెప్పకుండా వాట్లు రాయడం, అసలు ధర చెప్పకుండా సగం తగ్గింపు అని బోర్డు కట్టడమే.

ఇక 12 వోల్టులు. అది టర్బైన్ ఇచ్చేది కాదు, మోటారుకు మనం ఇవ్వాల్సింది! 12 వోల్టులిస్తే నిమిషానికి 6000 చుట్లు తిరిగే మోటారు అది. దాన్నే జనరేటరుగా వాడాలంటే ఆ 12 వోల్టుల కోసం మనమే అంత వేగంతో తిప్పాలి. రెక్క కొస గాలి కన్నా నాలుగు రెట్లు వేగంగా కదిలిందనుకున్నా, ఈ చక్రం నిమిషానికి 760 చుట్లు తిరుగుతుంది. అంటే ఏమీ తగిలించకుండానే వోల్టున్నర. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికే రెండు వోల్టుల దాకా కావాలి, వీళ్లు పెట్టెలో పెట్టింది తెల్లది, దానికి మూడు. ఇక అది వెలిగేదెప్పుడు? రెసిస్టర్ తగిలించాక మల్టీమీటర్‌లో 0.8 వోల్టు. వోల్టును వోల్టుతోనే గుణించి 10 ఓమ్‌లతో భాగిస్తే 0.06 వాటు.

మోటారు విప్పి పక్కన పడేశాను. అప్పటినుంచే ఈ కిట్ మీద నాకు గౌరవం మొదలైంది, ఎందుకంటే మిగిలిన సరుకు బాగుంది. ముఖ్యంగా హబ్. రెక్క మొదట్లో స్క్రూ వదులు చేసి వాలు మార్చుకోవచ్చు, పక్కనే డిగ్రీల గీతలున్నాయి. ఇంత చిన్న కిట్‌లో ఇది నేను ఊహించలేదు. వాలు ఎక్కువ పెడితే చక్రం తేలిగ్గా కదులుతుంది కానీ వేగం అందుకోదు. తక్కువ పెడితే బాగా పరిగెత్తుతుంది కానీ ముందు వేలితో నెట్టాలి. ఆ రెంటి మధ్య బేరం కుదుర్చుకోవడానికి ఆ గీతలు ఎంత పనికొచ్చాయో!

రెక్కలకు మాత్రం మెలిక లేదు, మొదటినుంచి కొస దాకా ఒకటే వాలు. ఈ వేగాలకు హబ్ దగ్గర సుమారు 25 డిగ్రీలు, కొసకు వచ్చేసరికి 5 డిగ్రీలు ఉంటే గాలి సరిగ్గా తగులుతుంది. పోటీలో మా పక్క జట్టువాళ్లు పీవీసీ గొట్టం కోసి చేసిన రెక్కల్లో ఆ మెలిక కోతలోనే వచ్చేసింది. చూడ్డానికి మోటుగా ఉన్నా మావాటికన్నా మెరుగు. కిట్ తయారుచేసినవాళ్లకు అచ్చు చేతిలోనే ఉంది కదా, మెలిక పోస్తే ఏం పోయేది? ఇంకోటి, రెక్కలో పుటాకారంగా ఉన్న వైపు గాలికి ఎదురుగా ఉండాలని సూచనల కాగితంలో ఎక్కడా లేదు. తిప్పి బిగించినా చక్రం తిరుగుతుంది, నీరసంగా.

డీసీ మోటారు స్థానంలో పాత ప్రింటర్‌లోంచి తీసిన స్టెప్పర్ మోటారు పెట్టాను. నెమ్మదిగా తిప్పినా వోల్టులిచ్చే రకం. దానితో రెండు చిక్కులు. చేత్తో తిప్పితే టకటకమని పట్టి వదులుతుంది, అందుకే మొదలవడానికి మొండికేస్తుంది. పైగా ఇచ్చేది అటూ ఇటూ దిశ మారే ఏసీ కరెంటు, దాన్ని ఒకే దిశలో పోయే డీసీగా మార్చుకోవాలి. అందుకు కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు నాలుగు కలిపి బ్రిడ్జి కట్టాలి. మామూలు సిలికాన్ డయోడ్లతో కడితే వోల్టున్నర అక్కడే పోతుంది, షాట్కీ డయోడ్లయితే ఆ నష్టం సగం కూడా ఉండదు. ఇవన్నీ అయ్యాక అదే రెసిస్టర్ మీద 2 వోల్టులు, అంటే 0.4 వాటు. కిట్ మోటారుతో వచ్చినదానికి ఆరు రెట్లు పైనే. పోటీలో రెండో స్థానం. మొదటిది ఎవరిదో వేరే చెప్పాలా, ఆ పీవీసీ గొట్టంవాళ్లదే.

తోక గదిలో దండగ, ఫ్యాను దిక్కు మారదు కదా. స్టాండు తేలిక, కాళ్ల మీద బరువు పెట్టకపోతే వెనక్కి జరుగుతుంది.

హబ్, రెక్కలు, ఇరుసు కోసమైతే ఐదుకి నాలుగు. పెట్టెలో ఉన్నది ఉన్నట్టు బిగించి దీపం వెలిగించాలనుకునే పిల్లలకైతే ఒకటిన్నర. వాళ్లకు కొనిచ్చేవాళ్లు నెమ్మదిగా తిరిగినా వోల్టులిచ్చే మోటారు ఒకటి విడిగా తెచ్చిపెట్టుకోండి. ఫ్యాను వేసే ముందు ప్రతిసారీ రెక్కల స్క్రూలు బిగించి చూసుకోండి, కొస సెకనుకు 16 మీటర్ల వేగంతో తిరుగుతుంది మరి.