వుడ్‌లౌస్ జాతుల గుర్తింపు: దేహ లక్షణాలా, డీఎన్ఏనా?

పూలకుండీ ఎత్తితే తడిమట్టిలో చెల్లాచెదురయ్యే బూడిదరంగు వుడ్‌లౌస్ కీటకం కాదు; రొయ్యలు, పీతలు ఉన్న క్రస్టేషియన్ వర్గంలో నేలపై బతకనేర్చిన ఐసోపాడ్ అనే సమూహపు జీవి. దాని జాతిని తేల్చడానికి పాత దారి దేహ పరిశీలన. ఐరోపాలో సాధారణంగా కనిపించే రెండింటిని భూతద్దంతోనే వేరుచేయవచ్చు: స్పర్శశృంగం కొసభాగంలో ఆనిస్కస్ అసెల్లస్‌కు మూడు ఖండాలు, పోర్సెలియో స్కేబర్‌కు రెండు ఉంటాయి, గాలి పీల్చుకునే తెల్లని మచ్చలు రెండు జతలు పోర్సెలియో పొట్ట కింద మాత్రమే కనిపిస్తాయి. చిక్కంతా దగ్గరి జాతులతోనే. ట్రైకోనిస్కస్ వంటి అతి చిన్నవాటిలో మగజీవి మొదటి ఉదరపాదాల (పొట్ట కింది కాళ్లవంటి అవయవాల) ఆకారమే ప్రధాన ఆధారం కనుక, దొరికినవన్నీ ఆడవే అయితే పని అక్కడికే ఆగిపోతుంది.

డీఎన్ఏకు లింగం, వయసు అడ్డురావు. ఒక కాలు చాలు. హవాయి తీరంలో చిరకాలం లైజియా హవాయెన్సిస్ అనే ఒకే జాతిగా లెక్కించిన ఐసోపాడ్‌లలో, జన్యువులలోని లోతైన తేడాలను ఆధారం చేసుకుని 2019లో ఏడు కొత్త జాతులను వర్ణించారు. కంటికి అవన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి.

అయినా డీఎన్ఏలో మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాల) జన్యువు ఒక్కదానినే నమ్ముకోవడం నాకు సబబుగా తోచదు. ఆర్మడిల్లిడియం వల్గారే అనే వుడ్‌లౌస్‌లో జన్యుపరంగా మగవైన పిల్లలను ఆడవిగా మార్చే ఓల్బాకియా బాక్టీరియా, మైటోకాండ్రియాలాగే తల్లి నుంచే సంక్రమిస్తుంది. అది వ్యాపించిన చోటల్లా ఒక మైటోకాండ్రియా రకం కూడా వెంట వ్యాపించి, వంశచరిత్రను వక్రంగా చూపగలదు. ఈ దోషాన్ని పట్టుకోవాలంటే కణ కేంద్రకంలోని జన్యువులను కూడా చదవాలి. ఇక ఒక జాతి పలు జాతులుగా విడిపోయినప్పుడు పాత పేరు ఏ జీవిదో తేల్చాలంటే, ఆ పేరుకు ఆధారంగా మ్యూజియంలో భద్రపరిచిన మూల నమూనా రూపంతో పోల్చిచూడక తప్పదు.