ఆఫ్రికా వెళ్ళేవాళ్ళకు మలేరియా మాత్ర: డాక్సీనా, అటోవాక్వోనా?

చీమకుర్తి, ఒంగోలు వైపు నుంచి గ్రానైట్ పనుల మీద ఉగాండా, అంగోలా వెళ్ళబోయేవాళ్ళు పదేపదే అడుగుతున్నది ఒక్కటే: మలేరియాకు ఏ మాత్ర మేలు?

ఎల్లో ఫీవర్ టీకా విషయంలో ఈ మీమాంస లేదు. సర్టిఫికెట్ లేకపోతే ఆ దేశాల్లోకి రానివ్వరు. టీకా వేయించుకున్నాక 10 రోజులకు గానీ అది చెల్లదు. ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. నెల్లూరువాళ్ళు ఈ టీకాను చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకోవచ్చు. 60 దాటినవాళ్ళు, కోడిగుడ్డు పడనివాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి.

"నెల్లూరు దోమలకే తట్టుకున్నాం, అక్కడివేం చేస్తాయి?" అంటారు కొందరు. అక్కడిది ఎక్కువగా ఫాల్సిపారం మలేరియా. ఇక్కడి దోమకాట్లు దాన్నుంచి మనల్ని కాపాడవు. మెదడుకెక్కితే రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. పాత మలేరియా మాత్ర క్లోరోక్విన్‌ను నమ్ముకుని వెళ్ళొద్దు.

డాక్సీసైక్లిన్ చవక, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. రోజుకు 100 మిల్లీగ్రాములు, గ్లాసెడు నీళ్ళతో మింగి, వెంటనే పడుకోకూడదు. దీనితో ఒళ్ళు ఎండకు తేలిగ్గా కమిలిపోతుంది. క్వారీలో పొద్దస్తమానం ఎండన నిలబడేవాళ్ళకు ఇది చిన్న ఇబ్బంది కాదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు.

అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ ఖరీదెక్కువ. అన్ని షాపుల్లో ఉండదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. రోజూ భోజనంతోనో పాలతోనో వేసుకోవాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు పనికిరాదు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న కనిగిరి వైపువాళ్ళు, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నాకే దీని జోలికెళ్ళడం మంచిది.

రెండూ ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టాలి. నా లెక్కలో అసలు తేడా ఇంటికొచ్చాకే. దోమ కుట్టాక మలేరియా క్రిమి ముందు కాలేయంలో పెరిగి, తర్వాత రక్తంలోకి దిగుతుంది. డాక్సీ దాన్ని ప్రధానంగా రక్తంలోనే పట్టుకుంటుంది కాబట్టి తిరిగొచ్చాక కూడా 28 రోజులు వేసుకోవాలి. అటోవాక్వోన్ కాలేయంలోనే దెబ్బకొడుతుంది కాబట్టి 7 రోజులు చాలు. ఇంటికొచ్చి, చుట్టాలూ పనులూ మొదలయ్యాక నాలుగు వారాల పాటు మాత్ర మరవకుండా వేసుకునేవాళ్ళు తక్కువ. అందుకే రెండు మూడు వారాల పనికి వెళ్ళేవాళ్ళకు డబ్బు ఎక్కువైనా అటోవాక్వోనే మేలంటాను. ఆరు నెలలు ఉండేవాళ్ళు అంత ఖర్చు భరించలేరు. వాళ్ళకు డాక్సీ, దాంతోపాటు ఫోనులో అలారం. ఏదైనా డాక్టరు రాసిచ్చాకే.

మెఫ్లోక్విన్ అనే మరో మాత్ర వారానికొకటే అయినా, మూర్ఛ, డిప్రెషన్ ఉన్నవాళ్ళకు వద్దు. కాయిల్స్‌ను నమ్ముకోవద్దు. మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా కుడుతుంది, కాబట్టి మందు పట్టించిన దోమతెర ఒకటి పెట్టెలో పెట్టుకోండి.

ఏ మాత్ర వేసుకున్నా, తిరిగొచ్చాక జ్వరం తగిలితే, నెలలు గడిచినా సరే, డాక్టరుకు ముందు ఆఫ్రికా సంగతి చెప్పి, ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.