ర్యాప్‌లోనే ఉండాలా, తెర మీదికి వెళ్లాలా: మన కుర్రాళ్లకి ఏది మేలు?

విజయనగరంలో మా చిన్న రికార్డింగ్ గదికి వచ్చే కుర్రాళ్లు పాట మిక్సింగ్ అయ్యాక అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ర్యాప్‌తోనే ఉండమంటావా, హైదరాబాద్ వెళ్లి సినిమాల్లో ట్రై చెయ్యమంటావా?" బొబ్బిలి వాళ్లైనా, రాజాం వాళ్లైనా, పలాస నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చినవాళ్లైనా ఇదే టెన్షన్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరూ చదువుకునేలా రాయడం మేలనిపించింది.

ఈ ప్రశ్న వెనకాల ఎప్పుడూ రెండు మూడు పేర్లు ఉంటాయి. మొదటిది విల్ స్మిత్. ఆయన టీవీలోకి వచ్చింది 1990లో. అంతకు ముందే, 1989లో, డీజే జాజీ జెఫ్‌తో కలిసి ర్యాప్‌కి ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ అందుకున్నాడు. నటుడిగా ఆస్కార్ వచ్చింది 2022లో. రెండో పేరు ఎమినెమ్. 2002లో '8 మైల్' చేసేనాటికి ఆయన ప్రపంచమంతా తెలిసిన ర్యాపర్. అందులో వేసింది కూడా తన బతుక్కి దగ్గరగా ఉన్న పాత్రే. ఆ సినిమాలోని ఆయన పాటకి ఆస్కార్ వచ్చింది, ఆ అవార్డు ఒక ర్యాప్ పాటకి రావడం అదే మొదలు. మూడోది మనకి దగ్గరి పేరు, హిప్‌హాప్ తమిళా ఆది. 2012లో ఆల్బమ్, 2015లో సినిమాకి సంగీతం, 2016లో మన తెలుగు 'ధృవ'కి సంగీతం. హీరోగా కనిపించింది 2017లో, అదీ తనే రాసుకుని తనే డైరెక్ట్ చేసిన సినిమాలో.

ముగ్గురిదీ వరస ఒకటే. ముందు పాట, తర్వాత తెర. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది రెండు పాటలు విడుదల చేసి, మూడోది సగంలో ఆపేసి, సినిమా ఛాన్సుల కోసం ఫోటోషూట్‌కి డబ్బులు దాచుకుంటున్నారు. నా బాధ అక్కడే.

మన తెలుగులో చూస్తే నోయెల్ షాన్ ఉన్నాడు. ర్యాప్ బాగా చేస్తాడు, తెర మీదా చలాకీగా ఉంటాడు. 2015లో వచ్చిన 'కుమారి 21ఎఫ్'లో హీరో స్నేహితుల్లో ఒకడిగా చూశాం. స్నేహితుడి పాత్ర తక్కువదని నేను అనను. కానీ ఆ పాత్రకి కావలసింది మీ ర్యాప్ కాదు. ర్యాప్ తెలియని కుర్రాడైనా దాన్ని చెయ్యగలడు. అలాంటప్పుడు మీరు ఇన్నాళ్లు సంపాదించుకున్న విద్య ఆడిషన్‌కి వచ్చే వంద మంది వరసలో మీకు ఏ విధంగా పనికొస్తుందో ఆలోచించుకోవాలి.

ఇక నా దృష్టిలో అసలు తేల్చేది యాస.

సినిమా మన ఉత్తరాంధ్ర యాసని చాలాకాలం నవ్వించడానికే వాడుకుంది. పనివాడికో, అమాయకుడికో పెట్టేవాళ్లు. ఈ మధ్య కాస్త మారింది, అది నిజం. 2020లో 'పలాస 1978' వచ్చింది. 2025లో 'తండేల్' మన మత్స్యకారుల కథని పెద్ద తెర మీద పెట్టింది. నాగచైతన్య మన యాస నేర్చుకుని మరీ చేశాడు, ఆ కష్టం నాకు నచ్చింది. అయితే ఒక సంగతి గమనించండి. కథ మనది, మాట మనది, హీరో మాత్రం బయటి నుంచే వచ్చాడు. పెద్ద బడ్జెట్ సినిమా మార్కెట్ ఉన్న ముఖాన్నే వెతుక్కుంటుంది, అందులో ఎవరి తప్పూ లేదు. 2019 నాటి 'గల్లీ బాయ్' సంగతీ అంతే. దానికి ప్రేరణ ముంబై ర్యాపర్లు నేజీ, డివైన్‌ల జీవితాలు. తెర మీద ఉన్నది రణ్‌వీర్ సింగ్. కానీ 2014లో నేజీ ఒక ఐప్యాడ్‌తోనే రికార్డు చేసి, దానితోనే వీడియో తీసి వదిలిన పాట ఈరోజుకీ నేజీదే. దాన్ని ఇంకొకరు వచ్చి వెయ్యలేరు.

ర్యాప్‌లో మన యాసే మన బలం. ఏటి, ఎలగ, ఎల్దాం, ఒగ్గేయ్ లాంటి మాటలు పొట్టివి, గట్టివి, బీట్ మీద టకీమని పడతాయి. వాక్యం చివర మనం సాగదీసే అచ్చు ఉంది చూడండి, "ఏటి బావూ, ఒగ్గేసినావా" అన్నప్పటి ఆ సాగు, దానికి వేరే ట్యూన్ అక్కర్లేదు. మన జానపద కళ జముకుల కథ విన్నవాళ్లకి ఇది కొత్త కాదు. కథకుడు ఊపిరి తీసుకోకుండా మాట వదులుతుంటే జముకు తీగ బిగువు మారుతూ శ్రుతి పైకీ కిందకీ పోతుంది, పక్కన వంత పాడేవాళ్లు చివరి ముక్క అందుకుంటారు. తప్పెటగుళ్ల ఆటలో రొమ్ముకి కట్టుకున్న తప్పెట మీద చేతులు, కింద గజ్జెల కాళ్లు, మధ్యలో పాట. ఇంత లయ ఇంట్లో పెట్టుకుని, మా గదికి వచ్చి హైదరాబాద్ యాసలోనో, సగం ఇంగ్లీషులోనో పాడేవాళ్లని చూస్తే నాకు నిజంగా మనసు చివుక్కుమంటుంది. పార్వతీపురం దగ్గర పల్లెలో పుట్టిన వంగపండు ప్రసాదరావు గారు ఈ మాటతోనే రాశారు, ఈ మాటతోనే రాష్ట్రమంతా తిరిగారు. ఆ పాటలు సినిమాల్లోనూ వినిపించాయి.

నటనలో ఇంకో చిక్కుంది. చిన్న పాత్ర చేసినవాడి గొంతు ఉంచుతారన్న గ్యారంటీ లేదు. డబ్బింగ్‌లో మార్చేయొచ్చు. ర్యాపర్‌కి గొంతు తీసేస్తే మిగిలేదేమిటి?

డబ్బు సంగతికొస్తే, రెండు చోట్లా మొదట్లో కష్టమే. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ ఉండాలి. అది దాటినా ఇల్లు గడవదు. స్టేజీ ప్రోగ్రాములు, కాలేజీ ఫెస్టులు, పైడితల్లమ్మ పండగ రోజుల్లో పడే వేదికలు, వీటి మీదే ముందు నెట్టుకురావాలి. సినిమాలో ఒక్కరోజు పనికి చేతికి వచ్చే డబ్బు అంతకంటే ఎక్కువగానే కనిపించవచ్చు. కానీ నటుడికి మామూలుగా ఒప్పుకున్న పారితోషికంతో లెక్క అయిపోతుంది. పాటకి అలా కాదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రాయల్టీలో వాటా హక్కుగా వచ్చింది. సినిమా కోసం రాసిన పాటైనా సరే, థియేటర్లో సినిమాతో పాటు ఆడే ప్రదర్శన తప్ప మిగతా వాడకాల మీద ఆ వాటాని వారసులకీ కాపీరైట్ సొసైటీకీ తప్ప ఎవరికీ వదిలేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ర్యాపర్ తన మాట తనే రాసుకుంటాడు కాబట్టి ఇది నేరుగా మీకు వర్తిస్తుంది. పాటలు రాసేవాళ్ల, బాణీ కట్టేవాళ్ల కాపీరైట్ సొసైటీ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి, పాట నమోదు చేయించండి. చాలామంది ఈ పనే చెయ్యరు.

నెట్‌లో దొరికిన బీట్ మీద పాడి వదిలితే మాత్రం ఈ లెక్కంతా తారుమారవుతుంది. లైసెన్స్ షరతులు చదవకపోతే కాపీరైట్ క్లెయిమ్ పడి, వచ్చే నాలుగు రూపాయలూ బీట్ యజమానికి పోతాయి. ఊళ్లో కీబోర్డు వాయించే స్నేహితుడితో కొత్త బీట్ కట్టించుకోండి. ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకోండి.

దూరం కూడా చిన్న విషయం కాదు. పాటని ఆమదాలవలసలో రాసుకుని, విజయనగరంలో రికార్డు చేసి, ఇంటి నుంచే వదలొచ్చు. నటనకి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది చూసుకోవాలి, అద్దె కోసం ఏదో ఉద్యోగం చేస్తూ ఆడిషన్లకి తిరగాలి. ఆ తిరుగుడులో రాయడం ఆగిపోతుంది.

వెళ్లొద్దని చెప్పడం లేదు. ఘంటసాల గారు మన మహారాజా సంగీత కళాశాలలో చదివి మద్రాసు వెళ్లారు. అక్కడ కొత్తలో కోరస్‌లూ పాడారు, చిన్న చిన్న వేషాలూ వేశారు. ఆ రోజులు గడిచాయంటే, తర్వాత నిలబడ్డారంటే, ఇక్కడి నుంచి నేర్చుకుని పట్టుకెళ్లిన విద్య వల్లే. 'పలాస 1978'కి సంగీతం ఇచ్చిన రఘు కుంచె గారు అందులో ముఖ్యమైన పాత్ర కూడా వేశారు. ఏళ్ల తరబడి పాటల్లో ఉన్న మనిషికి ఆ పాత్ర వచ్చింది.

మిగతా దారుల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. బిగ్ బాస్ లాంటి షోలు పేరున్నవాళ్లని పిలుస్తాయి, ర్యాపర్ రోల్ రైడా 2018లో అలాగే వెళ్లాడు. షార్ట్ ఫిల్ములు ఖాళీ ఉన్నప్పుడు చెయ్యండి, కెమెరా భయం పోతుంది. పెళ్లిళ్లకి యాంకరింగ్ ఖర్చులకి పనికొస్తుంది.

ఒక్క రకం కుర్రాళ్లకి మాత్రం నా సలహా తిరగబడుతుంది. కొందరికి రాయడం భారం. పక్కవాడు రాసిచ్చింది పాడతారు, కానీ మైక్ ముందు నిలబడి ఒక మనిషిని అనుకరిస్తే గదిలో అందరూ తిరిగి చూస్తారు. అలాంటివాళ్లు ర్యాప్‌ని పట్టుకుని వేలాడొద్దు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది, అక్కడ కనుక్కోండి. మన జిల్లాల్లో నాటకాలు వేసే బృందాలున్నాయి, ఏదో ఒకదాంట్లో చేరండి.

రాసుకోగలిగినవాళ్లు మాత్రం ముందు మన మాటలో ఒక ఆల్బమ్ పూర్తి చెయ్యండి. ఆ తర్వాత సినిమా నుంచి ఫోన్ వస్తే సంతోషంగా వెళ్లండి. వెళ్లినప్పుడు రెండే అడగండి. డబ్బింగ్ నేనే చెప్తానా? నా పాట వాడుకుంటే దానికి వేరే ఒప్పందం ఉంటుందా? రెండింటికీ ఔనంటే సంతకం పెట్టండి.